అత్తగారి పందిరి మంచం, మూడో అంతస్తు ఫ్లాటు

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఆవిడకి 38 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. భర్తది సాఫ్ట్‌వేర్, వారంలో మూడు రోజులు ఇంట్లోంచే పని. అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి మూడో తరగతి. 2014లో కొనుక్కున్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, మూడో అంతస్తు, కాగితాల్లో 1,080 చదరపు అడుగులు. తణుకు దగ్గర పల్లెటూళ్లో ఉంటున్న అత్తమామలు సంక్రాంతి వెళ్లగానే ఇక ఇక్కడే ఉండిపోవడానికి వస్తున్నారు. మామగారికి 74, మోకాలి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. అత్తగారికి 68, ఓపిగ్గానే ఉన్నారు.

"వాళ్లు రావడం నాకు ఇష్టమే" అని ఉత్తరంలో రెండు చోట్ల రాశారు. రెండోసారి కింద గీత కూడా గీశారు. చిక్కంతా సామానుతో వచ్చింది. అత్తగారి జాబితా ఇదీ: పెళ్లికి పుట్టింటివారు పెట్టిన టేకు పందిరి మంచం, ఒక భోషాణం, ఆవకాయ జాడీలు ఆరు, ఇత్తడి గుండిగలు నాలుగు, రుబ్బురోలు, సిమెంటు తులసికోట, పూలవీ కూరలవీ కలిపి 22 కుండీలు. మామగారు అడిగింది ఒక్కటే, పడక కుర్చీ.

ఈలోగా భర్త ఒక ఇంటీరియర్ డిజైనర్ని పిలిపించారు. ఆయన ఇచ్చిన అంచనా 6,40,000 రూపాయలు. హాల్లో పెద్దవాళ్లకి సోఫా కమ్ బెడ్, పిల్లలకి బంక్ బెడ్, పెద్ద పడకగదిలో హైడ్రాలిక్ మంచం, గోడ పొడుగునా వార్డ్‌రోబులు, బాల్కనీని యూపీవీసీ కిటికీలతో మూసేసి అమ్మాయికి చదువుకునే గది. ఆ బొమ్మ చూసిన ఉత్సాహంలో భర్త తల్లికి ఫోన్ చేసి, "ఆ పాత సామానంతా అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండమ్మా, ఇక్కడ చోటు లేదు" అన్నారు. ఆవిడ, "చోటు లేనిది సామానుకా, మాకా?" అని ఫోన్ పెట్టేశారు. తొమ్మిది రోజులైంది, మళ్లీ మాట్లాడలేదు. ఆడపడుచు మాత్రం ఫోన్ చేసి, "వదినా, అన్నయ్య నోటితో నువ్వే చెప్పించావటగా" అంది.

"ఆరుగురం ఈ ఇంట్లో ఎలా పడతామో చెప్పండి. మనసులు విరగకుండా పట్టే ఉపాయం ఉంటే అదీ చెప్పండి" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంతో పాటు పంపిన కొలతల కాగితం చూసి ముచ్చటేసింది. టేపు పట్టుకుని గది గదీ కొలిచి రాసే పాఠకులు నాకు ఎప్పుడోగానీ దొరకరు. మీ లెక్కే అసలు సంగతి చెప్పేస్తోంది: 1,080 అన్నది సూపర్ బిల్టప్, గోడల మధ్య మీకు మిగిలింది 760. మిగతాది మెట్లు, లిఫ్టు, నడవాల్లో మీ వాటా. 2016లో స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపు చేసే రెరా చట్టం వచ్చాక కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య వాడుకునే చోటు, ఎంతో బిల్డరు చెప్పి తీరాలి. మీది అంతకు ముందు కొన్నది. కాబట్టి మీరేదో సర్దుకోవడం చేతకానివారన్న బాధ పెట్టుకోకండి. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని మనవాళ్లు సామెత చెబుతారు. ఇరుకు ఇంటిదైతే మధ్యలో ఆలిని ఎందుకు లాగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీ ఆడపడుచు చేసిందీ అదే.

ఈ ఉత్తరంలో మూడు ముడులున్నాయి, అవి ఒకదాన్లో ఒకటి పడిపోయాయి. ఎవరు ఎక్కడ పడుకోవాలన్నది ఒకటి. ఏ సామాను రావాలన్నది రెండు. బాల్కనీ ఎవరిదన్నది మూడు. మీ డిజైనరు మూడింటికీ కలిపి ఒకే మందు రాశాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకి మీ అత్తగారు కనపడలేదు, గదులు కనపడ్డాయి. మీవారు చేసిన పొరపాటు అంతకంటే చిన్నది, కానీ బాగా గుచ్చుకునేది. బొమ్మ ముందు గీయించి, తరవాత అమ్మకి చెప్పారు.

ముందు పడక సంగతి చూద్దాం.

హాల్లో సోఫా కమ్ బెడ్ అన్న ఆలోచన చాలా ఇళ్లలో మొదట తట్టేదే. నేనూ చేశాను. మా అమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు అలాంటిదే కొన్నాను. పగలు సోఫా, రాత్రి మంచం, ఎంత తెలివో అనుకున్నాను. మొదటి వారం నేను లాగి పరిచాను. రెండో వారం నుంచి మా అమ్మ, "ఎందుకే రోజూ, ఇలాగే పడుకుంటాలే" అని మూసి ఉన్న సోఫా మీదే ముడుచుకుని పడుకునేది. మధ్యాహ్నం నడుం వాల్చాలనిపిస్తే, టీవీ ముందు కూర్చున్నవాళ్లని లేవమనలేక కుర్చీలో కునికిపాట్లు పడేది. దాన్ని రెండు చేతులా లాగి పరిచే బలం ఆవిడకి లేదని నాకు నాలుగు నెలలకి గానీ తట్టలేదు. మడత సామాను ఏది కొన్నా నేను ఇప్పుడు ఒక్కటే చూస్తాను: దాన్ని రోజూ వాడే మనిషి ఒంటరిగా, ఎవర్నీ పిలవకుండా విప్పి మడవగలరా? గోడకి మడిచే బల్ల మీవారి లాప్‌టాప్‌కి అయితే భేషుగ్గా ఉంటుంది, ఆయనే దించుకుంటారు, ఆయనే ఎత్తుకుంటారు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి మడత పడక అంటే, పడుకోవాలన్నప్పుడల్లా ఒకర్ని బతిమాలుకోవడం.

పైగా సోఫా కమ్ బెడ్ విప్పితే నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. మామగారు కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకి ఆని, మోకాలు తుంటికంటే పైకి లేవకుండా ఉండాలి. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాల ఎత్తు బాగుంటుంది. ఆయన ఫిజియోథెరపిస్టుని ఒక మాట అడిగితే ఆయనకి సరిపడే ఎత్తు చెబుతారు. రాత్రిపూట మంచం నుంచి బాత్‌రూముకి ఎన్ని అడుగులో, దారిలో కాలికి ఏం తగులుతుందో కూడా చూడాలి. మీ హాల్లోంచి అయితే టీపాయ్ చుట్టూ తిరిగి, డైనింగ్ టేబుల్ పక్కనుంచి వెళ్లాలి.

హాలు కాకపోతే మీకు మూడు దారులున్నాయి.

ఒకటి, అటాచ్డ్ బాత్‌రూము ఉన్న మీ పెద్ద గది వాళ్లకి ఇవ్వడం. రాత్రి లేవడానికి అన్నిటికంటే ఇదే సుఖం. పందిరి మంచం నిక్షేపంగా పడుతుంది. కానీ మీరిద్దరూ పిల్లలతో కలిసి పదడుగుల గదిలోకి వెళ్లాలి, లేదా పిల్లలు హాల్లోకి రావాలి. పెద్దవాళ్లు కూడా, "మీ గది మాకెందుకు" అని ఇబ్బంది పడే మనుషులైతే ఇది మర్యాదగా మొదలై మొహమాటంగా సాగుతుంది.

రెండు, పిల్లల గది, పది అడుగులకి పదిన్నర, వాళ్లకి ఇవ్వడం. కామన్ బాత్‌రూము తలుపు పక్కనే ఉందని గీశారు కాబట్టి మామగారికి నాలుగడుగులు. అబ్బాయి ఇంకో రెండు మూడేళ్లు మీ గదిలో పడుకోవచ్చు. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. మీ డైనింగ్ మూల ఎనిమిది అడుగులకి ఏడు. ఆ ఆరు కుర్చీల బల్ల మీద ఇంటిల్లిపాదీ కలిసి తిన్నది ఎప్పుడో మీరే రాయలేదు, ఉతికిన బట్టల గుట్ట ఉంటుందని మాత్రం రాశారు. ఆ బల్ల తీసేస్తే, ఎనిమిదడుగుల గోడకి ఆనించి మూడడుగుల వెడల్పు మంచం, దాని కింద సొరుగులు. హాలు వైపు రెండడుగుల లోతు వార్డ్‌రోబు, వీపు హాలుకి, తలుపులు లోపలికి. మధ్యలో నిలబడి బట్టలు మార్చుకోవడానికి రెండడుగులు. వార్డ్‌రోబు అయిదున్నర అడుగులు ఉంటే మిగిలిన రెండున్నర అడుగుల్లో మందపాటి తెర. అమ్మాయికి తనదంటూ ఒక మూల దొరుకుతుంది. అయితే దానికి కిటికీ లేదు. అందుకని వార్డ్‌రోబుని పైకప్పు దాకా లేపొద్దు, ఏడడుగుల దగ్గర ఆపండి, పైనుంచి గాలీ వెలుతురూ రావాలి. ఆ పైనుంచే టీవీ చప్పుడూ వస్తుంది, అదీ తెలుసుకుని చేయండి. పరీక్షల రోజుల్లో తొమ్మిదింటికి టీవీ కట్టేయగలరా, మామగారి వార్తల సంగతేమిటి, ఇవి ముందే మాట్లాడుకోవాలి. భోజనానికి గోడకి మడిచే బల్ల ఒకటి, లేదా మీ అత్తగారు వాళ్లు ఊళ్లో చేసినట్టు పీటలు. మామగారు మాత్రం పీట మీద కూర్చోలేరు, ఆయనకి కుర్చీ, బల్ల తప్పవు.

మూడోది చాలా ఇళ్లలో చెప్పకుండానే జరిగిపోతుంది: నాన్నమ్మ దగ్గర మనవరాలు, తాతయ్య దగ్గర మనవడు. లెక్కకి సరిగ్గా సరిపోతుంది. కానీ యాభై ఏళ్లుగా ఒక గదిలో ఉన్న ఇద్దరిని విడదీస్తున్నామని ఎవరికీ తోచదు. రాత్రి ఆయన లేస్తే ఆవిడకే మెలకువ వస్తుంది, మనవడికి రాదు. వాళ్లే అలా ఉంటామంటే సరే. మీరు మాత్రం అనుకోకండి.

నన్ను అడిగితే రెండో దారి వైపు మొగ్గుతాను. అమ్మాయిని అడిగారా అని మీ ఉత్తరంలో వెతికాను, కనపడలేదు. మూల ఇవ్వబోయేది తనకి, కాబట్టి తెర రంగు దగ్గర్నుంచి తననే తేల్చుకోనివ్వండి.

ఇక ఏది చేయాలనుకున్నా, వడ్రంగిని పిలవడానికి ముందు పాత దినపత్రికలు తీసుకోండి. మంచం ఎంతో, వార్డ్‌రోబు ఎంతో అంత సైజుకి అతికించి, ఆయా చోట్ల నేల మీద పరిచేయండి. రెండు రోజులు వాటిని తొక్కకుండా తిరగండి. పొద్దున్న ఏడున్నరకి, లంచ్ బాక్సులు, స్కూలు బస్సు, మీ బ్యాంకు హడావిడి అన్నీ ఒకేసారి ఉన్నప్పుడు ఎన్ని కాగితాలు నలిగాయో చూడండి. సొరుగు ఉన్న చోట దాని ముందు ఇంకో రెండడుగులు వదలాలి, లేకపోతే అది సగమే తెరుచుకుంటుంది. బొమ్మలో సొరుగులెప్పుడూ మూసే ఉంటాయి.

ఇప్పుడు సామాను.

మీరు పందిరి మంచాన్ని పెద్ద అడ్డంగా చూస్తున్నారు. నాకది మీ డిజైనరు గీసిన హైడ్రాలిక్ మంచం కన్నా నయం అనిపిస్తోంది. పందిరి కోళ్లు, పై చట్రం విడిగా ఊడతాయి. పైది తీసేసి దోమతెర కావలసినప్పుడు బిగించుకోవచ్చు. ఆ కాలం మంచాలు ఎత్తుగా ఉంటాయి, అందుకే వాటి కింద ట్రంకు పెట్టెలు తోసేవారు. చక్రాలున్న చెక్కపెట్టెలు రెండు చేయించి కిందికి తోయండి, ఆవిడ చీరలు, ఆయన మందుల ఫైళ్లు అందులో. వంగి చెయ్యి చాపితే చాలు. హైడ్రాలిక్ మంచంలో చీర కావాలంటే పక్క ఎత్తేసి, దుప్పట్లు తీసి, పరుపుతో సహా పలక లేపాలి. ఏడాదికోసారి తీసే సూట్‌కేసులకి అది బాగుంటుంది, రోజూ కట్టే బట్టలకి పనికిరాదు. అలాగని మంచం మరీ ఎత్తయితే మామగారి పాదాలు నేలకి ఆనవు. ఆరంగుళాల స్ప్రింగు పరుపు వేయకండి, పల్చటి బూరుగు దూది పరుపు చాలు, అక్కడే నాలుగంగుళాలు తగ్గుతుంది. కోళ్లు కోయించే ఆలోచన మాత్రం అత్తగారు తనంతట తాను అంటే తప్ప నోట తేకండి.

భోషాణం గురించి నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తాను. విజయవాడలో మేం రెండు గదుల వాటాలో ఆరుగురం ఉండేవాళ్లం. మా భోషాణంలో బొంతలు, దాని మీద రాత్రి బాబాయి, పగలు కూరలమ్మాయి దగ్గర్నుంచి పురోహితుడి దాకా వచ్చిన ప్రతివాళ్లూ. మూతకి మధ్యలో కొయ్య అరిగి పళ్లెంలా గుంట పడింది. స్టోరేజీ దీవాన్ అని ఇప్పుడు షాపుల్లో అమ్మేది అదే కదా. మీ మూడు సీట్ల సోఫా ఎన్నేళ్లదో రాయలేదు. దాన్ని తీసేసి ఆ చోట భోషాణం వేసి, మీద పల్చటి పరుపు కుట్టిస్తే నలుగురు కూర్చుంటారు, శీతాకాలం దుప్పట్లన్నీ లోపల పడతాయి. నష్టం కూడా ఉంది: వీపుకి ఆనుకోవడానికి ఉండదు, గోడకి దిండ్లు వేసుకోవాలి. మీవారు ఆదివారం క్రికెట్ చూస్తూ కాళ్లు చాపుకునే సోఫా పోతుంది. ఆయన సామాను కూడా ఒకటి పోనివ్వండి, తూకం సరిపోతుంది.

గుండిగలు ఎప్పటిలాగే ఒకదాన్లో ఒకటి పెడితే నాలుగింటికీ ఒక్క గుండిగ చోటే. వంటింటి అటక మీద పెట్టేయొచ్చు, అటక ఖాళీగా ఉంటే. మీ అటక మీద ఏముందో మీరు రాయకపోయినా నాకు తెలుసు: టీవీ అట్టపెట్టె, మిక్సీ అట్టపెట్టె, వాటిలో థర్మోకోల్ దిమ్మలు, వారంటీ అయిపోయి ఆరేళ్లయిన వాటర్ ఫిల్టరు డబ్బా. ముందు అవి దించండి.

జాడీలు మాత్రం అటక ఎక్కించొద్దు. ఊరగాయతో నిండిన జాడీని ఏడడుగుల ఎత్తు నుంచి స్టూలు మీద నిలబడి దించేది మీ అత్తగారే అవుతారు. ఆరులో ఎన్ని నిజంగా నిండుతాయి, ఆరుగురి ఇంటికి ఏడాదికి ఎంత ఆవకాయ, ఎంత మాగాయ అన్నది ఆవిడకి మీకంటే బాగా తెలుసు. వంటగట్టు కింద మూల, చెయ్యి సరిగా అందదని మీరు వదిలేసిన చోటు, జాడీలకి సరిగ్గా సరిపోతుంది. రోజుకి మూడుసార్లు తీయరు కదా. అక్కడే సిలిండరు కూడా ఉంటే దాన్ని తలుపులు బిగించిన అరలో బంధించనివ్వకండి. గ్యాసు గాలి కన్నా బరువు, కారితే నేలబారుగా పేరుకుంటుంది. అర తలుపుకి కింద జాలీ ఉండి తీరాలి.

వంటింట్లో ఇంకో మాట. డిజైనరు మధ్య ఖాళీలో ఒక లాగుడు అలమర గీశాడు. మీ అత్తగారు కత్తిపీట వేసుకుని కింద కూర్చుని కూర తరుగుతారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. తరిగే అలవాటుంటే ఆ మూడడుగుల నేల ఆవిడది. ఖాళీగా కనపడుతోంది కదా అని నింపేస్తే, ఆవిడ గుమ్మంలో కూర్చుని తరుగుతారు, మీరు దాటుకుంటూ తిరుగుతారు, పదో రోజుకి ఎవరో ఒకరు ఒక మాట అంటారు.

రుబ్బురోలు ఊళ్లో వదిలేయడమే మేలు. అడ్డు చెప్పరనే అనుకుంటాను, ఇప్పుడు అక్కడా గ్రైండరే వాడుతూ ఉంటారు.

అసలు తగవు బాల్కనీ దగ్గర ఉంది. తొమ్మిదడుగులకి నాలుగు, తూర్పు ముఖం, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఒక మూల. ఊళ్లో వాళ్ల ఇంటికి ముందు అరుగు, వెనక పెరడు. మామగారి సాయంత్రం అరుగు మీద, అత్తగారి పొద్దు పెరట్లో. ఇక్కడ ఆ రెండూ కలిసి ఈ 36 చదరపు అడుగులే. మీ బట్టలారేసుకునే దండెం కూడా ఇదే. ఇప్పుడు దీన్ని మూసేసి చదువుకునే గది చేస్తే, వాళ్లు ఊరి నుంచి వచ్చి కిటికీ లోపల కూర్చోవాలి. అమ్మాయికి గది వస్తుంది, నిజమే. కానీ హాల్లోకి వచ్చే గాలి, పొద్దుటి వెలుగు సగానికి సగం పడిపోతాయి. ప్లానులో ఓపెన్ బాల్కనీ అని ఉన్నదాన్ని గది చేస్తే అది డీవియేషన్, అంటే ప్లాను తప్పడం, అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారో లేదో కూడా అడగాలి. పై ఫ్లాటువాళ్లు మూసుకున్నారు కదా అంటే, వాళ్లని ఎవరూ అడగలేదు అంతే.

తెరిచే ఉంచితే, 22 కుండీలూ తులసికోటా పడతాయా? చోటు కంటే ముందు బరువు చూడండి. పన్నెండంగుళాల వెడల్పు, అంతే ఎత్తున్న కుండీలో 21 లీటర్ల మట్టి పడుతుంది. ఎర్రమట్టి తడిస్తే అది 35 కిలోల పైమాటే. 22 కుండీలంటే 770 కిలోలు. సిమెంటు కోట ఇంకో నూటేభై వేసుకోండి. ఇళ్ల బాల్కనీలు చదరపు మీటరుకి ఇంచుమించు 300 కిలోలు మోసేలా కట్టాలని మన ఐఎస్ 875 ప్రమాణం చెబుతుంది. మీ బాల్కనీ మూడు చదరపు మీటర్ల పైచిలుకు, అంటే వెయ్యి కిలోలు. కుండీలతోనే దాదాపు అయిపోయింది, మనుషులింకా అడుగు పెట్టలేదు! పైగా అది కొత్త కట్టడానికి కాగితం మీది లెక్క, మీది పదేళ్లు దాటిన భవనం. అందుకని అంత దూరం పోవద్దు. బాల్కనీ గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన పలక, బరువు గోడ వైపు ఉంటే మేలు, చివర రెయిలింగు దగ్గర పేరిస్తే కీడు. స్లాబు కింది వైపు పగుళ్లు, తుప్పు మరకలు ఉంటే ముందు ఇంజనీరుకి చూపించండి.

మట్టి మారిస్తే బరువు బాగా తగ్గుతుంది. కోనసీమలో కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు, అదే కోకోపీట్, సగం, వర్మీకంపోస్టు పావు, మట్టి పావు. అదే కుండీ 20, 25 కిలోలకి దిగుతుంది. కోకోపీట్‌లో సొంతంగా బలం ఉండదు, ఎరువు తరచూ వేస్తుండాలని అత్తగారికి చెప్పండి. నిజానికి ఆకుకూరలకి అడుగు లోతు కుండీలే అక్కర్లేదు, ఆరంగుళాల లోతు ట్రేలు చాలు. తూర్పు ఎండ మీకు పదిన్నర, పదకొండు దాకా ఉంటుంది. తోటకూర, మెంతికూర, పాలకూర, కొత్తిమీర ఆ ఎండకి వచ్చేస్తాయి. మెంతికూర మూడు వారాలకే కోతకి వస్తుంది. పుదీనాకి ఇంకా తక్కువైనా పరవాలేదు. బచ్చలికి ఒక్క కుండీ చాలు, గోడకి పురికొస కట్టి పైకి పాకిస్తే నేల మీద అడుగు చోటుతో ఆరడుగుల తీగ. నీడ పడే మూల తమలపాకు తీగ పెట్టండి, మామగారికి తాంబూలం అలవాటుంటే ఆయనా నీళ్లు పోస్తారు. వంకాయ, టమాటా మాత్రం ఈ ఎండకి ఆశపడొద్దు. పూత వస్తుంది, రాలిపోతుంది, ఆవిడ మనసు చివుక్కుమంటుంది. ఏసీ యూనిట్ ముందు ఏ మొక్కా పెట్టకండి, ఆ వేడిగాలికి రెండు రోజుల్లో మాడిపోతుంది.

స్టాండు గోడ వైపే పెట్టండి, ఇది రెండోసారి చెబుతున్నాను. బరువు ఒక కారణం. మీ అబ్బాయి మూడో తరగతి, రెయిలింగు పక్కన మూడు మెట్ల స్టాండు పెడితే అది వాడికి నిచ్చెన. కుండీలు రెయిలింగుకి బయటివైపు వేలాడదీయడం అసలు వద్దు. ప్రతి కుండీ కిందా పళ్లెం ఉండాలి, లేకపోతే ఎర్రనీళ్లు కింద ఫ్లాటువాళ్ల తెల్లచొక్కా మీద పడతాయి, తగవు రెండో అంతస్తుకి కూడా పాకుతుంది.

మిగిలిన కుండీలకి టెర్రస్ ఉంది. అసోసియేషన్ ఒప్పుకుంటే మల్లె, గులాబి, వంగ అక్కడ పెట్టుకోవచ్చు. లిఫ్టు ఆఖరి అంతస్తు దాకానే ఉంటే చివరి మెట్లు అత్తగారు ఎక్కాలి, వేసవిలో రెండు పూటలా నీళ్లు మోయాలి. కాంక్రీటు మీద కుండీలు నేరుగా కాకుండా ఇటుకల మీద పెట్టాలి, లేదంటే నీరు నిలిచి పైకప్పు కారుతోందని మీ మీదికే వస్తారు. ఇంత శ్రమ ఆవిడకి ఉల్లాసమా, భారమా అన్నది ఆవిడే చెప్పాలి.

మామగారి కుర్చీకి బాల్కనీలో మూడడుగులు వదలండి. పడక కుర్చీ మీద ఆయనకి మమకారం ఉండొచ్చు గానీ, ఆ గుడ్డలోంచి లేవడం మోకాలికి పరీక్షే. దాన్ని రానివ్వండి, మడిచి తలుపు వెనక పెడితే నాలుగంగుళాలు. పక్కన చేతులున్న ఎత్తు కుర్చీ కూడా ఒకటి వేయండి, నెల తిరిగేసరికి ఏది వాడుతున్నారో మీకే తెలుస్తుంది. బట్టలకి తాడు లాగితే పైకప్పు దాకా లేచే దండెం బిగించండి. అయితే ఒక చిన్న పేచీ ఉంది: మీరు పొద్దున్న ఏడింటికి ఆరేసే దుప్పటి మొక్కల ఎండని మింగేస్తుంది. అందుకని పదకొండు దాకా బాల్కనీ మొక్కలది, అత్తగారిది. తరవాత మూడున్నర దాకా బట్టలు. నాలుగు నుంచి మామగారు, ఆయన పేపరు, రోడ్డు మీద పోయే జనం. సెలవు రోజుల్లో ఈ లెక్క తప్పుతుంది, తప్పనివ్వండి.

తులసికోట ఊళ్లో పెరట్లోనే ఉంటుంది, దాన్ని పెకలించలేరు. తులసికి విత్తనాలు బోలెడు. ఆవిడ చేత్తోనే ఎండు కంకులు కొన్ని దూసి, ఆ కోటలో మట్టి ఒక డబ్బాడు తీసి తెమ్మనండి. ఇక్కడ చిన్న మట్టికోట చాలు, తూర్పు ఎండ తులసికి సరిపోతుంది.

ఊళ్లో ఇల్లు అమ్ముతున్నారా, తాళం వేస్తున్నారా అన్నది మీరు రాయలేదు. తాళమే అయితే కొన్ని వస్తువులు ఏడాది పాటు అక్కడే ఉంచి చూడొచ్చు. చెక్క సామానుకి చెదల భయం ఉంది, నెలకోసారి తలుపు తీసే మనిషి ఉండాలి. అమ్మేస్తుంటే ఆ వీలు లేదు. వచ్చే శని, ఆదివారాలు మీరూ మీవారూ టేపు పట్టుకుని వెళ్లండి. ఏది వదిలేయాలో మీరు చెప్పొద్దు. ఇక్కడి గది కొలత పెరట్లో ముగ్గుతో గీసి చూపించండి. మంచం ఇక్కడ, పెట్టె ఇక్కడ అని ఆవిడే నడిచి చూసుకుంటారు, ఏది పట్టదో ఆవిడకే కనపడుతుంది. ఆరున్నర లక్షల పనికి ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. అమ్మాయి మూల, రెండు చక్రాల పెట్టెలు, బట్టల దండెం, బాత్‌రూముల్లో పట్టుకునే కడ్డీలు ముందు చేయించండి, మిగతాది వేసవి సెలవుల దాకా ఆపినా కొంప మునగదు.

ఆడపడుచుకి జవాబు మీరు చెప్పొద్దు. ఆ మాట అన్నది మీవారు, అది తన మాటేనని చెల్లెలికి ఆయనే చెప్పాలి. తల్లికి ఫోన్ చేయాల్సిందీ ఆయనే. "సారీ అమ్మా" అంటే ఆవిడ, "ఏం లేదురా" అని పెట్టేస్తారు. కాబట్టి పనికొచ్చే ప్రశ్న ఒకటి అడగమనండి: పందిరి మంచం పట్టె పొడవెంత? నిజంగానే తెలియాలి అది. మీ లిఫ్టు తలుపు ఎత్తుకి మించితే మూడో అంతస్తు దాకా మెట్ల మీద మోయించాలి, మలుపుల్లో తిరుగుతుందో లేదో చూడాలి. కొలవడానికి టేపు లేదంటే జానలు లెక్కపెట్టి చెప్పమనండి, ఆవిడకి అలవాటే.